బంగాళాదుంపల వైద్యం

ఆ ఉదయం హెడ్ మేడమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. డ్రైవర్‌గారు నాలుగు బంగాళాదుంపలకు చెక్కు తీసి, ముక్కలు కోసి, కూర వండి, తన పళ్లెంలో తనే వడ్డించుకుని తినాలి. ఆయన భార్య దగ్గరుండి అది కళ్లారా చూడాలి. అంతా సవ్యంగా జరిగితే వారం తిరక్కుండా ఆయన్ని ఇంటికి పంపించేయవచ్చు.

జీవితమంతా బస్సు నడిపిన ఆ మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. డాక్టర్లు గండం గట్టెక్కించి పక్కకు తప్పుకున్నారు. గుండీ పెట్టుకోవడం, గ్లాసు ఎత్తుకోవడం, ముద్ద నోటిదాకా తెచ్చుకోవడం మళ్లీ ఓనమాల నుంచి నేర్పించే పని ఆక్యుపేషనల్ థెరపీ విభాగం మీద పడింది. ఆయన భార్య బట్టల దుకాణంలో పనికి వెళితేగాని ఇల్లు గడవదు. పగలంతా ఆయన ఒక్కడే ఉండాలి. తన తిండి తను చూసుకోగలిగితే ఇల్లు, లేకపోతే ఆసుపత్రి మంచం.

ఆ విభాగాన్ని నడిపే హెడ్ మేడమ్‌కు లోకం మీద ఒక తీరని కోపం ఉంది. తను చేసే పనేమిటో ఎవరికీ తెలియదు. సొంత అత్తగారే "మా కోడలు ఉద్యోగాలిప్పించే ఆఫీసులో చేస్తోంది" అని చుట్టాలందరికీ చెప్పి, ఖాళీగా తిరుగుతున్న మేనల్లుణ్ణి ఒకసారి ఆసుపత్రికి పంపింది కూడా. విరిగిన కుర్చీలు పడేసే గదిని రోగుల కోసం వంటగదిగా మార్పించడానికి ఆవిడ ఏడాదిపాటు సూపరింటెండెంటుగారి గది చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. ఏ తగాదా వచ్చినా "సర్దుకుపోదాం" అంటాడు కాబట్టి ఆయన్ని ఆసుపత్రిలో అందరూ సర్దుబాటుగారు అంటారు. చివరికి ఆయన ఆ గది ఇచ్చింది కూడా, ఇస్తేనైనా ఆవిడ రావడం మానేస్తుందన్న ఆశతోనే.

డ్రైవర్‌గారు పని మొదలుపెట్టాడు. మేకులు దిగేసిన చెక్కపలక మీద దుంపను గుచ్చి, కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటిగా చెక్కుతీసే కత్తి చుట్టూ బిగించాడు. చెక్కు అంగుళం రావడానికి చెమట లీటరు కారుతోంది. "ఈ దుంప కంటే ఘాట్ రోడ్డే నయం" అని గొణుక్కుంటూనే మూడు దుంపలు పూర్తిచేశాడు. పక్కబల్ల దగ్గర ఒక పెద్దావిడ తువ్వాళ్లు మడతపెడుతోంది. పక్షవాతం నుంచే తేరుకుంటున్న పోస్ట్‌మాస్టర్‌గారు చొక్కా గుండీలతో కుస్తీ పడుతున్నాడు. హెడ్ మేడమ్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూస్తోంది. ఎవరికీ సాయం చేయకూడదన్నది అక్కడి మొదటి నియమం.

అప్పుడు గుమ్మంలోకి వచ్చింది డ్రైవర్‌గారి భార్య కాదు, ఆయన అక్క. మరదలికి జ్వరం తగలడంతో తను బయల్దేరింది. తల్లి పోయాక తమ్ముణ్ణి సాకింది ఆవిడే. ఆవిడ గొంతు సంగతి ఆసుపత్రిలో ఇంకా ఎవరికీ తెలియదు.

"ఓరి నాయనో! ఇదేం ఖర్మరా తమ్ముడూ!"

పోస్ట్‌మాస్టర్‌గారి గుండీ కన్నంలోంచి జారిపోయింది.

"ఆగక్కా, ఇంకొక్కటే ఉంది" అన్నాడు డ్రైవర్‌గారు.

అక్క వినలేదు. కత్తి లాక్కుంది. "మంచినీళ్లు కూడా చేతికందించి పెంచాన్రా నిన్ను!" అని, హెడ్ మేడమ్ వైపు తిరిగింది. "ఏమ్మా, మావాడు వైద్యానికొచ్చాడా, వంటకి కుదిరాడా?"

"ఇది వైద్యమేనండీ. చేతికి పని చెబితేనే..."

"చెబుతున్నానని నువ్వే ఒప్పుకుంటున్నావుగా! అక్కడ ఆ ముసలాయన గుండీలతో అవస్థ పడుతుంటే గుడ్లప్పగించి చూస్తావా?"

"సాయం చేస్తే చెయ్యి రాదండీ."

"సాయం చెయ్యనిదానివి ఆసుపత్రిలో ఎందుకు? పోలీసుల్లో చేరకపోయావా!"

ఆ మాట నడవా దాటి, మెట్లు దిగి, కింద కూర్చున్న రోగుల బంధువులందరికీ చేరింది. వాళ్లు బిలబిలమంటూ పైకొచ్చారు. తువ్వాళ్లు మడతపెడుతున్న పెద్దావిడ అల్లుడు తన అత్తగారిని చూసి నిర్ఘాంతపోయాడు. "బట్టలుతికే మనిషి పోయిన నెల మానేశాడు. కొత్తవాణ్ణి ఎందుకు పెట్టలేదా అనుకున్నా. ఇదన్నమాట!" అన్నాడు. దాంతో గుండీల సంగతీ తేలిపోయింది. ఆసుపత్రివాళ్లు దర్జీని కూడా తీసేశారని ఎవరో అన్నారు. ఆ ఆసుపత్రికి దర్జీ ఎప్పుడూ లేడు. అయినా తీసేసినందుకు అందరికీ ఒళ్లు మండింది.

అటుగా వెళుతున్న స్టోర్‌కీపర్ని పట్టుకుని నిలదీశారు. అతను అబద్ధమాడని మనిషి. "ఈ విభాగానికి బకెట్లు, చీపుర్లు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు వెళతాయండీ. నేనొచ్చినప్పటి నుంచీ మందు మాత్రం ఒక్కటీ వెళ్లలేదు" అన్నాడు.

ఇక చెప్పేదేముంది? గుంపంతా సర్దుబాటుగారి గదిలోకి తోసుకొచ్చింది. ఆయన కుర్చీలోంచి లేవకుండానే తీర్పు చెప్పేశాడు. ఆ సామానంతా వెంటనే స్టోరులో పెట్టి తాళం వేయాలి. రోగుల చేత పూచికపుల్ల కూడా ఎత్తించకూడదు. అన్నీ ఆయాలు, వార్డుబాయ్‌లే చేసిపెట్టాలి.

హెడ్ మేడమ్‌కు కోపం నషాళానికంటింది. "మరి ఆ చేతులు ఎలా లేస్తాయి సార్?"

"చేతులు లేవకపోయినా ఫరవాలేదమ్మా. గొడవ లేవకూడదు. సర్దుకుపోదాం."

మధ్యాహ్నానికి వార్డు పెళ్లివారి విడిదిలా తయారైంది. ఎవరూ వేలు కదపనక్కర్లేదు. పోస్ట్‌మాస్టర్‌గారు చెమటలు కక్కుతూ మొత్తానికి పెట్టుకున్న గుండీ తప్పు కన్నంలో ఉందని వార్డుబాయ్ దాన్ని విప్పి, అన్నీ రెప్పపాటులో పెట్టేశాడు. పోస్ట్‌మాస్టర్‌గారు తన చొక్కా వైపు దొంగలు పడ్డ ఇంటిని చూసినట్టు చూసుకున్నాడు. హెడ్ మేడమ్ ఒక మూల నిలబడి పళ్లు నూరుతోంది.

అక్క చెంచాతో అన్నం తీసి, "ఆ... అనరా" అంది.

డ్రైవర్‌గారు నోరు తెరవలేదు.

"మా బంగారుకొండవి కదూ! ఒక్క ముద్ద."

డ్రైవర్‌గారి ముఖం కందగడ్డలా అయింది. చుట్టూ అందరూ చూస్తున్నారు. అంత బస్సును ఒక్క చేత్తో తిప్పిన మనిషి! చెంచా మూడోసారి మూతికి తగిలేసరికి ఆయన కుడిచెయ్యి దుప్పటిలోంచి విసురుగా లేచి, నోటి దగ్గరున్న చెంచాను గట్టిగా పట్టుకుని లాక్కుంది. అన్నం మెతుకులు అక్క ముఖం మీద పడ్డాయి.

ఇన్ని వారాలుగా ఆ చెయ్యి గుండె దాటి పైకి రాలేదని హెడ్ మేడమ్‌కు తెలుసు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఒలికేలోగానే అక్క కేక పెట్టింది.

"చూశారా! ఒక్కపూట విశ్రాంతి ఇస్తే చెయ్యి ఎలా లేచిందో!"

అప్పుడే వార్డులోకి వచ్చిన సర్దుబాటుగారు మురిసిపోయాడు. "ఇంత తేలికైన వైద్యం ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదమ్మా? అన్ని వార్డుల్లోనూ ఇదే పెట్టేద్దాం" అన్నాడు. హెడ్ మేడమ్ ఒక అడుగు ముందుకు వేసింది.

ఆవిడ కంటే ముందే డ్రైవర్‌గారు అందుకున్నాడు. "విశ్రాంతా, నా బొందా! ఒళ్లు మండి లేచింది సార్. అది లేవడానికి బలం ఆ దుంపలిచ్చాయి." తర్వాత గొంతు తగ్గించాడు. "అక్కా, నీ చేత తినడం నాకు నామోషీ కాదు. కానీ రేపు ఇంటికెళ్లాక, రోజూ ఊరికి ఆ చివర్నించి వచ్చి నాకు పెట్టగలవా? నీ మోకాళ్లతో మా ఇంటి మెట్లెక్కగలవా? నువ్వు రాని రోజు నేనేం తినాలి?"

అక్క చీరకొంగుతో ముఖం మీద మెతుకులు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంటూనే ఉంది.

ఈలోగా పోస్ట్‌మాస్టర్‌గారు చేతికర్ర నేలకేసి కొట్టాడు. "ముందు ఈ గుండీలన్నీ విప్పి నాకు అప్పగించండి! నావి నేను పెట్టుకుంటాను!"

"ఇంట్లో మా అమ్మాయి నన్ను గిన్నె ముట్టుకోనివ్వదు. ఇక్కడ మీరు తువ్వాలు ముట్టుకోనివ్వరు. ఇంకెక్కడికెళ్లి బతకమంటారు?" అని పెద్దావిడ అల్లుడి ముందే సర్దుబాటుగారిని కడిగేసింది. మిగతా మంచాల మీది వాళ్లూ అందుకున్నారు. పొద్దున పని చేయిస్తున్నారని పోట్లాట, ఇప్పుడు చేయనివ్వడంలేదని పోట్లాట. రెండోది పెద్దదని సర్దుబాటుగారి చెవులకు స్పష్టంగా తెలిసింది.

సామాను తిరిగొచ్చింది. డ్రైవర్‌గారు నాలుగో దుంప చెక్కు తీసి, పొయ్యి వెలిగించాడు. అక్కను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమన్నారు. ముక్క కింద పడ్డప్పుడల్లా ఆ చేతులు ముందుకు దూకేవి. హెడ్ మేడమ్ వాటిని మళ్లీ వెనక్కి పెట్టించేది. కూరలో ఉప్పు ఎక్కువైంది. తన పళ్లెంలో తనే వడ్డించుకుని తిని, మిగిలింది అక్కకు పెట్టాడు. అక్క గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది. "బాగుందిరా" అని, జీవితంలో మొదటిసారి పక్కవాళ్లకు వినపడనంత నెమ్మదిగా అంది.

బంధువులు చప్పట్లు కొడుతుండగా సర్దుబాటుగారు ముందుకొచ్చాడు. తను మొదటి నుంచీ ఈ విభాగం పక్షమేనని, పనిని చులకనగా చూడకూడదని చిన్న ఉపన్యాసం ఇచ్చి, అందరికీ ఆదర్శంగా ఉండాలని ఒక దుంపా కత్తీ అందుకున్నాడు. రోగులకు ఒక్క గాటైనా పడని ఆ గదిలో ఆయన బొటనవేలికి మూడు కుట్లు పడ్డాయి. మానేదాకా ఏ పనీ చేయకూడదని డాక్టర్లు గట్టిగా చెప్పారు.

ఆఫీసులో ఎవరికీ తేడా తెలియలేదు.