సెక్టర్ 2లో హైదరాబాదు కాపురం

ఆదివారం పొద్దున్నే సత్యప్రసాద్ సెక్టర్ 2లోని తన క్వార్టరు గేటుకు ఎరుపు తెలుపు చారల టేపు చుట్టి, "ఖత్రా! లోపలికి రావద్దు" అనే బోర్డు తగిలించాడు. ముప్ఫయ్యేళ్లుగా ఈ హిందీ ఊరి స్టీలు ప్లాంటు సేఫ్టీ విభాగంలో ఉన్నవాడు. నిజం ప్రమాదం రాకముందే ఉత్తుత్తి ప్రమాదం పెట్టి అందరినీ పరిగెత్తించే మాక్ డ్రిల్లు ఆయన విద్య. టేపు కట్టకుండా డ్రిల్లు చేయడమంటే ఆయనకు స్నానం చేయకుండా పూజకు కూర్చోవడమే.

ఇంట్లో డ్రిల్లు దేనికంటారా? వచ్చేనెల రిటైర్మెంటు, క్వార్టరు ఖాళీ చేయాలి. పక్క క్వార్టరు పోలయ్య ఇదే ఊళ్లో స్మృతి నగర్‌లో కట్టుకున్న ఇంటి పక్కనే చిన్న ఇల్లు తీసుకుందామని ఆయన. కాదు, హైదరాబాదులో చెల్లెలుండే పద్నాలుగో అంతస్తుకే పోదామని భార్య భాగ్యరేఖ. అద్దె కట్టాక మిగిలేది అగరొత్తులకే సరిపోతుందని నెత్తీనోరూ కొట్టుకున్నా ఆమె వినలేదు. చెల్లెలు ఫ్లాటు మాట్లాడేసి, సాయంత్రానికల్లా ఔనో కాదో చెప్పమంది.

"సాయంత్రందాకా ఈ ఇంట్లోనే హైదరాబాదు కాపురం చేద్దాం. నువ్వు తట్టుకుంటే ఎల్లిపోదాం," అన్నాడు సత్యప్రసాద్.

"ఏటి, నాకే పరీచ్చా? పెట్టండి చూద్దాం!" అంది భాగ్యరేఖ.

పెట్టాడు. కాపురమంతా ఒక్క పడగ్గదిలో. సోఫా, బీరువా, బియ్యం డబ్బా అన్నీ అందులోకే. ట్యాంకరు రాలేదనుకుని రెండు బకెట్ల నీళ్లతో సరిపెట్టాలి. పెరట్లో మునగచెట్టు ఉంది గానీ లేదు. తలుపు గడియ తీయకూడదు, ఇరుగూ పొరుగూ ఎవరో తెలియకూడదు. సామాను సర్దేసరికి గదిలో కాలు పెట్టడానికి నేల మిగలక, దంపతులిద్దరూ మంచమెక్కి కాళ్లు ముడుచుకున్నారు.

మొదటి దెబ్బ పోలయ్యకు తగిలింది. ప్లాంటులో క్రేను నడిపే మనిషి, రోజూ ఈ వరండాలోనే పేపరు చదువుతాడు. టేపు కింద నుంచి దూరి వచ్చి తలుపు బాదాడు.

"పెసాదూ! గేటుకి ఆ టేపేట్రా? లోపలేటుంది?"

"ఎవరు మీరు? లోపలికి రాకండి! వెళ్లిపోండి!"

"నాన్రా, పోలయ్యని!"

"తెలీదు! ముందు ఫోన్ చేసి రావాలి!"

నిన్న రాత్రి తన ఇంట్లో చేపలపులుసు తిన్నవాడు తెలీదంటాడా? పోలయ్య కిటికీ సందులోంచి తొంగిచూశాడు. మొగుడూ పెళ్లాం మంచం మీద కాళ్లు పైకి పెట్టుకుని ముడుచుకుపోయి ఉన్నారు. ఇంకేముంది!

"ఓలమ్మో! లోన పాముందర్రా!" అంటూ వీధిలోకి పరిగెత్తాడు.

"సాంప్? నాగ్ హోగా!" అని ఎదురింటి సాహూ దీదీ దానికి పడగ పెట్టింది. వీధి మలుపు తిరిగేసరికి నాగుపాము కొండచిలువయింది. స్మృతి నగర్ చేరేసరికి దానికి కాళ్లు మొలిచాయి. పక్క ఊరు జాముల్ చేరేసరికి ఒంటినిండా మచ్చలు కూడా వచ్చి, సాక్షాత్తూ చిరుతపులైంది.

మధ్యాహ్నానికి వీధిలో ఇసుక వేస్తే రాలని జనం. వేరుశనగల బండి వచ్చింది, బెలూన్లవాడు వచ్చాడు.

"ఏటండీ ఆ గోల?" చెవులు మూసుకుంది భాగ్యరేఖ.

"హైదరాబాదు ట్రాఫిక్కు. అలవాటు చేసుకో," అన్నాడు సత్యప్రసాద్, డ్రిల్లు ఇంత బాగా కుదిరినందుకు మురిసిపోతూ.

అంతలో పెరట్లో ఫెళఫెళమంది. చిరుతను చూద్దామని పదిమంది ఎక్కిన మునగచెట్టు, పదిమందితో సహా వంకాయ మడి మీద పడింది. మునగచెట్టు ఎక్కితే ఏమవుతుందో పెద్దలు ఊరికే చెప్పలేదు. ఆ చప్పుడుకు చిరుత పంజా విసిరిందనుకుని పోలయ్య వీధి తలుపు విరగ్గొట్టి, దుడ్డుకర్రతో లోపలికి దూకాడు.

"నువ్వు మంచం దిగకమ్మా! ముందు నన్ను తినమను దాన్ని!"

"ఏది అన్నయ్యా?"

"సిరుత!"

వెనకాలే సాహూ దీదీ గిన్నెతో వచ్చింది. "సుబహ్ సే భూఖీ హోగీ బహన్, పహలే ఖా లో!" అంటూ, పొద్దున్నుంచీ పస్తున్న మనిషికి ముందు తిండి అన్నట్టు, భాగ్యరేఖ నోట్లో ముద్ద పెట్టేసింది. చిరుత ఎక్కడని ఆవిడ అడగనైనా లేదు.

సత్యప్రసాద్ నీళ్లు నములుతూ అసలు సంగతి చెప్పాడు.

"డ్రిల్లయితే ముందుగా అందరికీ సెప్పాలని మాకు ముప్పయ్యేళ్లు పాఠం సెప్పింది నువ్వే కదరా!" అన్నాడు పోలయ్య.

అంతదూరం వచ్చినవాళ్లు ఊరికే పోతారా? టీ తాగారు. పులి లేదన్న కోపంతో ఇంకోసారి తాగారు. తలుపు పోయి, చెట్టు పోయి, సాయంత్రమయ్యేసరికి సత్యప్రసాద్ మంచం మీద ముక్కూమొహం తెలియని జాముల్ మనుషులు వేరుశనగలు ఒలుచుకుంటున్నారు. ఆయన వంటింట్లోకి పారిపోయాడు.

"మీ చెల్లికి ఫోన్ చెయ్యవే! ఆ ఫ్లాటు ఖాయం చేసుకోమను. పద్నాలుగు కాదు, నలభయ్యో అంతస్తయినా సరే. తలుపు కొట్టేవాడు లేని ఊరికి ఎల్లిపోదాం!"

భాగ్యరేఖ సాహూ దీదీ గిన్నె కడుగుతోంది.

"ఇందాకే వద్దని చెప్పేశానండీ. చిరుతకి అడ్డం నిలబడే పోలయ్యన్నయ్య ఆ అద్దెలో కలిసొస్తాడేటి?"

మర్నాడు పొద్దున్న పోలయ్య పేపరు కోసం బుద్ధిగా ముందు ఫోన్ చేసే వచ్చాడు. తలుపు ఇంకా బిగించలేదు కనుక, ఆ ఫోన్ సత్యప్రసాద్ మంచం పక్కన నిలబడి చేశాడు.