చర్చిలో పోయిన గంట

"సింగపూర్‌లో ఇక నేరం చేయదలచినవాడు సముద్రంలోకి దిగాల్సిందే గోపీ! నేలమీద నేనున్నాను," అని ప్రకటించి, తనో పెద్ద డిటెక్టివ్‌నని నమ్మే నా మిత్రుడు జనార్ధనరావు మా టాంపినీస్ ఫ్లాట్ గుమ్మంలో చెప్పులు విప్పాడు. వాటిలో ఒకటి నాది.

లోపల మా అమ్మాయి అమూల్య ఫోన్‌లో స్నేహితురాలు అలేఖ్యతో అంటోంది: "ఆ చర్చిలో గంట పోయిందే! ఎలా పోయిందో తెలియకపోతే నా థీసిస్‌కి ఆఖరి చాప్టర్ లేదు."

ఇంగ్లండులో ఒక మారుమూల పల్లె, అందులో చిన్న చర్చి. వాటి చరిత్ర మీద అమూల్య పరిశోధన. గంట పోయి మూడు వందల ఏళ్లయింది. ఆ మాట నేను చెప్పేలోపే జనార్ధనరావు భూతద్దం తీశాడు.

"నెత్తురు గడ్డకట్టే రహస్యం! అనుమానితుడెవరు?"

"ఎవరూ లేరంకుల్. రెక్టర్ అని ఒక ఫాదర్ ఉండేవాడంతే."

"రెక్టరా? డైరెక్టర్‌లో 'డై' ఏమైంది? చంపి దాచాడు!"

నవ్వు ఆపుకున్నాను. ఆధారాలు వెతికేటప్పుడు, తను లేకపోతే లోకం నడవదని నమ్మాలనుకునే పసివాడొకడు అతని ముఖంలో కనిపిస్తాడు.

"అంకుల్, ల్యాప్‌టాప్ డోంట్ టచ్ లా!" అని సింగపూర్ యాసలో అరిచింది అమూల్య. "ఇవాళ్టితో ఆ చర్చి మూసేస్తున్నారు. తాళాలు చూసే పెద్దావిడకే ఆ గంట కథ తెలుసు. ఆరింటికి వీడియో కాల్. మళ్లీ దొరకదు."

"తాళాలు ఆవిడ దగ్గరే!" అంటూ అతను కాల్ బటన్ నొక్కేశాడు.

"ఐదే అయింది!" అమూల్య కెవ్వుమంది.

తెరమీద టోపీ పెట్టుకున్న పెద్దావిడ నవ్వింది. "సరిగ్గా సమయానికి చేశావమ్మా. కాసేపట్లో బయలుదేరాలి," అంది ఇంగ్లీషులో.

ఏడాదంతా ఒకటే కాలం ఉండే ఊళ్లో పెరిగిన పిల్ల నుదురు కొట్టుకుంది. "అయ్యో నాన్నా! సమ్మర్ వస్తోందంటే అక్కడ గడియారాలు మారుస్తారు; రాత్రే వాళ్లు గంట ముందుకు జరిపారు! ఆరింటిదాకా ఆగుంటే ఆవిడ వెళ్లిపోయేది."

"జరిపారా!" జనార్ధనరావు ఎగిరి లేచాడు. "ఎంతమంది పట్టారు? ఎక్కడికి జరిపారు?"

అతని నోరు నేను మూశాను. గంట కథ ఆవిడ చెప్పింది. పక్కూరి పెళ్లికి అరువిచ్చారట. వాళ్లు తిరిగివ్వలేదు. ఇప్పటికీ అక్కడే మోగుతోందట; అది మోగినప్పుడల్లా ఈ ఊరివాళ్లు కిటికీలు వేసుకుంటారట.

కాల్ అయ్యాక అమూల్య అతన్ని వాటేసుకుంది. "మీవల్ల ఒకటి కాదంకుల్, రెండు గంటలు దొరికాయి!"

"రెండా?" జనార్ధనరావు కళ్లు చిన్నవయ్యాయి. "రెండోది పోయిందని ఎవరూ ఫిర్యాదు చేయలేదే!"