వడ్ల కేంద్రంలో తెలుగు కంపైలర్

కంప్యూటర్ ఇకనుంచి తెలుగువాడి మాటే వింటుందని తెలుగు కంప్యూటర్ మిషన్ ఛైర్మన్ భానుప్రసాద్ గారు నిజామాబాద్‌లో ప్రకటించారు. వినని కంప్యూటర్లపై చర్యలు తప్పవన్నారు. ఒక యంత్రాన్ని అంత ధైర్యంగా హెచ్చరించిన నాయకుణ్ని నేను ఇంతవరకూ చూడలేదు.

విషయం చిన్నది కాదు. ప్రోగ్రాం రాసేవాళ్లు అందులోని ప్రతిదానికీ, ప్రతి పనికీ ఒక పేరు పెట్టుకుంటారు. ఆ రాతను యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. ఇన్నాళ్లూ అది ఇంగ్లిష్ అక్షరాల పేర్లనే ఒప్పుకునేది. మిషన్ ఇంజినీరు అనిల్‌కుమార్ గారు ఆరు నెలలు కూర్చుని, తెలుగు పేర్లను కూడా ఒప్పుకునేలా చేశారు. 'ఇఫ్' (అయితే), 'ఎల్స్' (కాకపోతే) లాంటి ఆజ్ఞలు మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉండిపోయాయి. ఛైర్మన్ గారు ఆరు సన్మానాలు చేయించుకుని ఆ కృషిలో పాలుపంచుకున్నారు.

ఆయన అనుచరుడు భూమేష్ అన్నకు మాత్రం తృప్తి కలగలేదు. సార్ పేరు లేని ప్రోగ్రాం అసలు నడవకూడదని పట్టుబట్టాడు.

"కంపైలర్ అంటే ఫ్లెక్సీ కాదన్నా," అన్నారు అనిల్‌కుమార్ గారు.

"మరి సార్ ఫొటో ఏడ పెడ్తవ్?"

మొదటి ప్రయోగానికి బోధన్ దగ్గరి మా ఊరి వడ్ల కొనుగోలు కేంద్రాన్ని ఎంచుకున్నారు. ఏ రైతు వడ్లు ఏ రోజు కాంటా మీదికి రావాలో అక్కడ సాఫ్ట్‌వేరే చెబుతుంది. దాన్ని ఏదో కంపెనీ ఇంగ్లిష్‌లో రాసిచ్చింది. అందులోని పేర్లన్నీ మక్కికి మక్కి తెలుగులోకి మార్చాలనీ, ఒక్కటి మిగిలినా ఊరుకోననీ ఛైర్మన్ గారు ఆదేశించారు. అనిల్‌కుమార్ గారిది కాంట్రాక్టు ఉద్యోగం. ఆయన ఒక్కటీ మిగల్చలేదు.

మా బాపు నర్సన్న వడ్లు పద్దెనిమిది రోజులుగా కల్లంలోనే ఉన్నాయి. బాపు రోజూ కేంద్రానికి పోతాడు. సాఫ్ట్‌వేర్‌లో ఆయన పేరు రాలేదంటారు. తిరిగొచ్చి ఆకాశం చూస్తాడు. తెలుగు వస్తే తన పేరూ వస్తుందని ఆశపడ్డాడు.

ప్రారంభోత్సవానికి ప్రోగ్రాం మొత్తం పదిహేను అడుగుల ఫ్లెక్సీ మీద వేయించారు. భూమేష్ అన్న కోరికా తీరింది. సగం ఫ్లెక్సీ సార్ ఫొటోనే. కీబోర్డు మీద కొబ్బరికాయ కొట్టబోతే అనిల్‌కుమార్ గారు అడ్డం పడ్డారు. సర్కారు బడి పిల్ల చదివితే ఫొటో బాగుంటుందని నన్ను మైకు ముందు నిలబెట్టారు. నలుగురిలో నా గొంతు లేవదు. ఆ రోజు మైకు మాత్రం చాలా బాగా పనిచేసింది.

"ఇఫ్, ఛైర్మన్ మనిషి. కాంటా ఇవాళ," అని చదివాను. "ఎల్స్, మిగతా రైతు. రేపు రమ్మను."

చప్పట్లు మొదలై మధ్యలో ఆగిపోయాయి. ముందు వరుసలోంచి లింగవ్వ అడిగింది.

"బిడ్డా, గా రేపు రమ్మనుడు ఎన్ని దినాలని రాసిండ్రు?"

నేను ఫ్లెక్సీ అడుగుదాకా చూశాను. "అది రాయలేదవ్వా."

ఛైర్మన్ గారు తొణకలేదు. మైకు అందుకుని, "ఇంగ్లిష్‌ల ఉన్నప్పుడు గిట్ల లేకుండె," అన్నారు. ఇంగ్లిష్ మీద ఆయనకు అంత నమ్మకం ఉందని అప్పటిదాకా మాకు తెలియదు.

భూమేష్ అన్న ఫ్లెక్సీ చింపడానికి నిచ్చెన ఎక్కాడు. పైకి పోయాక సార్ ముఖం ఎదురైంది. సార్ ఫొటో చింపిన అనుచరుడు ఈ జిల్లాలో ఇంతవరకు లేడు. దండం పెట్టి దిగిపోయాడు. ఫ్లెక్సీ అక్కడే ఉండిపోయింది.

చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా వచ్చి చదువుకున్నారు. గొడవ అవుతుందేమోనని ఇద్దరు పోలీసులను కాపలా పెట్టారు. అలాంటిదేమీ జరగలేదు. రైతులు రూలు అర్థం చేసుకుని ఛైర్మన్ గారి ఇంటి ముందు వరుస కట్టారు. ఒక్కరోజులో పార్టీ కండువాలు అయిపోయి, తెప్పించడానికి ఆటో పంపారు. బాపు కూడా మెడలో కండువాతో ఇంటికొచ్చాడు.

"మనం గా పార్టీ కాదు గద బాపూ?" అన్నాను.

"వడ్లది ఏ పార్టీ బిడ్డా," అన్నాడు బాపు.

అందరూ ఛైర్మన్ మనుషులే అయ్యేసరికి, మర్నాడు పొద్దున సాఫ్ట్‌వేర్ ఊరందరికీ కాంటా ఇవాళే అని చెప్పింది. ఉన్నది ఒక్క కాంటా. మధ్యాహ్నానికల్లా అనిల్‌కుమార్ గారు వచ్చి, పై ఆదేశం మేరకు కొత్త పేరొకటి చేర్చిపోయారు. 'ఛైర్మన్ దగ్గరి మనిషి'. బాపుకు మళ్లీ రేపు రమ్మని వచ్చింది. కంపైలర్ ఒక్క తప్పు కూడా చూపించలేదు.

శనివారం వాన పడింది. ఆదివారం ఛైర్మన్ గారు తడిసిన వడ్లను పరామర్శించడానికి వచ్చారు. మొలకలొచ్చిన కుప్పలో చెయ్యి పెట్టి చాలాసేపు బాధపడ్డారు. అంతలో మళ్లీ జల్లు మొదలైంది. గొడుగు ఎవరూ తేలేదు.

కల్లంలో తడవకుండా మిగిలింది మా కుప్ప ఒక్కటే. బాపు పరుగెత్తాడు. దాని మీద కప్పిన టార్పాలిన్ లాగి తెచ్చి, రెండు చేతులా ఎత్తి ఛైర్మన్ గారి తల మీద పట్టాడు.

ఆ ఫొటో పేపర్లో వచ్చింది. అందులో బాపు ఛైర్మన్ గారికి చాలా దగ్గరగా ఉన్నాడు. సార్ మీద ఒక్క చుక్క పడలేదు.