నడిమి చక్రానికి అంచు లేదు

ఒక పెద్ద అడవిలో రైలు లేదు, పట్టాలు లేవు, రైలు ఇంజన్ మాత్రం ఉండేది. మనుషులు పట్టాలు పీక్కుపోయిన రోజుల్లో బరువని దాన్ని వదిలేసి వెళ్లారు. దాని బొగ్గు పొయ్యిలో పేరిందేవి అనే ముళ్లపంది పిల్లలతో కాపురం ఉండేది. ఆమె పుట్టింది అందులోనే, మొగుణ్ణి తెచ్చుకున్నదీ అందులోకే. కాబట్టి ఆవిరి ఇంజన్ల గురించి తనకు తెలియంది లేదని ఆమె నమ్మకం. అడవికీ అదే నమ్మకం.

ఒకనాడు గవరయ్య అనే నక్క ఎక్కణ్ణుంచో బొమ్మల యంత్రం పట్టుకొచ్చాడు. నోటితో చెబితే చాలు, బొమ్మ గీసి ఇస్తుంది. ఆవిరి ఇంజన్ గియ్యమన్నారు. గీసింది. పొగగొట్టం డ్రైవర్ గది మీద ఉంది.

"పొగంతా డ్రైవర్ నెత్తినేనా? ఆయన మీద ఏం కక్షో!" అంది పేరిందేవి.

అడవంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ ఒక్క మాటతో ఇంజన్ బొమ్మల తప్పుల సంఘం పుట్టింది. ఎలుగుబంటి భద్రయ్య అధ్యక్షుడు. పేరిందేవి కార్యదర్శి. కొంగ విశ్వపతి చక్రాల నిపుణుడు. ఆయన ఒంటికాలి మీద నిలబడి చక్రాల గురించి గంటలకొద్దీ మాట్లాడగలడు.

రోజూ సాయంత్రం సభ.

"ఈ కడ్డీ చూడండి. చక్రాన్ని పట్టుకోవాల్సింది పోయి నిచ్చెనను పట్టుకుంది," అన్నాడు విశ్వపతి.

"బండి కదిలితే నిచ్చెన నడుస్తుందన్నమాట. ఎక్కేవాడు వెంటపడాలి!" అంది పేరిందేవి.

"ఈ చక్రం గాల్లో ఉంది," అన్నాడు భద్రయ్య.

"సెలవు పెట్టిందేమో!"

వెనక కూర్చున్న గవరయ్య ఒక్కడే నవ్వేవాడు కాదు. "బాగా చెప్పారక్కయ్యా. ఇంకేం తప్పులున్నాయి?" అని అడిగి, విన్నదంతా వెళ్లి యంత్రానికి చెప్పేవాడు. మర్నాటి బొమ్మలో ఆ తప్పు ఉండేది కాదు. సంఘం దీన్ని తన ఘనతగా తీర్మానించుకుంది.

అంతలో మృగరాజు గారి ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. అడవిలోని పాత ఇనుమంతా అమ్మెయ్యాలి. అసలైన ఆవిరి ఇంజన్ ఉంటే మాత్రం దాన్ని ఉన్నచోటే కాపాడతారు, ఆ చోటు గలవారికి జీవితాంతం మేత. అసలుదో కాదో ఫోటో చూసి సంఘం తేల్చాలి. ఆఫీసు వారు వెళ్లి చూడరు, ఎండలు ఎక్కువగా ఉన్నాయి.

"ఫోటోల మీద పేర్లుండకూడదు," అంది పేరిందేవి. "ఒకటి మా ఇల్లే కదా. పక్షపాతం అనే మాట నేను పడలేను. మా ఇంటి ఫోటో నాకు ముందుగా చూపించనే వద్దు."

సభ చప్పట్లు కొట్టింది. పులుల కోసం మనుషులు చెట్టుకు కట్టిన కెమెరాను ఊడబెరికి, భద్రయ్య తనకూ పక్షపాతం అంటకూడదని కళ్లు మూసుకునే పేరిందేవి ఇంజన్‌ను రెండు వైపుల నుంచీ ఫోటో తీసి కవరులో పెట్టాడు. తన లోయలోనూ ఒక ఇంజన్ ఉందంటూ గవరయ్య ఇంకో కవరు ఇచ్చాడు. ఆ లోయలో తుప్పలు తప్ప ఏమీ లేవని అందరికీ తెలుసు. కానీ వెళ్లి చూడడం నిబంధనల్లో లేదు. రెండు కవర్లనూ భద్రయ్య మళ్లీ కళ్లు మూసుకుని కలిపేశాడు.

మొదటిది విప్పారు. పొగగొట్టం ముందుంది. చక్రాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఎడమ కడ్డీ ఎలా ఉందో కుడి కడ్డీ అలాగే ఉంది.

"అచ్చం మనం చెప్పినట్టే ఉంది," అన్నాడు భద్రయ్య తృప్తిగా.

"ఇదే అసలుది. మా ఇల్లు ఇంత బాగుంటుందని నాకే తెలీదు," అనుకుంది పేరిందేవి మనసులో.

రెండోది విప్పారు.

"ఇదేమిటి, నడిమి చక్రానికి అంచే లేదు! పట్టా మీద ఎలా నిలుస్తుంది?" అన్నాడు విశ్వపతి.

"ఎడమ కడ్డీ కిందికి దిగింది, కుడిది ముందుకు పోయింది," అన్నాడు భద్రయ్య.

"దేని దారి దానిది, మన సంఘం లాగే," అంది పేరిందేవి. "అది సరే, ఇది చూడండి. డ్రైవర్ గదిలోంచి ముళ్లు మొలిచాయి! ఏ ఇంజన్‌కైనా ముళ్లుంటాయా? యంత్రానికి మతి పోయింది."

నకిలీ అని ముద్ర ఆమే కొట్టింది.

మర్నాడు ఇంజన్‌ను పాత ఇనుముగా లాక్కుపోవడానికి ఏనుగు గొలుసులతో వచ్చింది.

"ఆగు! ఇది అసలు ఇంజన్. నా ఇల్లు!" అని అరిచింది పేరిందేవి.

"నాకేం తెలుసమ్మా. నకిలీ అని ముద్ర ఉంది. కింద పేరిందేవి అని సంతకం. ఎవరో పెద్ద నిపుణురాలట."

పేరిందేవి మొదటిసారి తన ఇంటి చుట్టూ తిరిగి చూసింది. నడిమి చక్రానికి అంచు లేదు. మలుపుల్లో ఇరుక్కోకూడదని దానికి అంచు పెట్టరు. కదలబోతూ మొరాయించకుండా రెండు వైపుల కడ్డీలనూ పావు చుట్టు తేడాతోనే బిగిస్తారు. ఇక ఆ ముళ్లు ఆమె చిన్నవాడి తోకవి.

"అడవిలో ఉన్న బొమ్మల చక్రాలన్నీ తడిమాను, మా ఇంటి చక్రం తప్ప," అంది, వేడుక చూడవచ్చిన కొంగతో. "విశ్వపతి గారూ, తీర్మానం మార్చండి."

"మారిస్తే సంఘం పరువేం కావాలమ్మా?"

"నా ఇల్లు పోతోందండీ!"

"అది మీ సొంత విషయం."

ఇంతలో గవరయ్య రొప్పుతూ వచ్చాడు. ఎండ తగ్గిందని మృగరాజు స్వయంగా లోయలోని అసలు ఇంజన్ చూడడానికి బయల్దేరాడట. "ఈ పాత ఇనుము నేనే కొంటున్నాను. మా లోయలోకి లాగెయ్!" అన్నాడు. ఏనుగు లాగింది. లోపల పిల్లలున్నారు కాబట్టి పేరిందేవి కూడా వెంట నడిచింది.

లోయలో మృగరాజు, సంఘం అసలుదన్న ఫోటోనూ ఇంజన్‌నూ మార్చి మార్చి చూశాడు. "ఫోటోలో అన్నిటికీ అంచులున్నాయి. దీనికి నడిమిది బోడిగా ఉందేం? సంఘం ఏమంటుంది?"

సంఘం తన తీర్మానం చదివింది. నకిలీ.

"అసలుది ఎక్కడరా?"

గవరయ్య యంత్రం వైపు చూశాడు. యంత్రం ఇంకా మంచి బొమ్మ గీసి ఇచ్చింది. దాంతో ఫోటో గుట్టు బయటపడి, ఆ సాయంత్రమే గవరయ్యను అడవి నుంచి వెళ్లగొట్టారు.

"దీన్నేం చెయ్యమంటారు ప్రభూ?" అంది ఏనుగు.

"నకిలీ సరుకు అమ్మితే కొన్నవాడు నన్ను దొంగంటాడు. ఇక్కడే పడుండనీ. ఎవరూ ముట్టుకోకండి. ఏమమ్మా నిపుణురాలా, నిజంగా నకిలీయేనా?"

పేరిందేవి నోరు తెరిచింది. ఒక్క క్షణం ఆలోచించింది.

"పచ్చి నకిలీ, మహాప్రభో," అని చెప్పి, పొయ్యిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

నీతి: మీ ఇల్లు నిలవాలంటే, అది అసలుది కాదని ముందుగా మీరే ముద్ర కొట్టండి.