రత్నమాణిక్యం సామాను తూకం

ఆ పట్నంలో ఎవరైనా సలహా ఇస్తే అది అక్కడికక్కడే వస్తువై కింద పడుతుంది. ఎవరికిచ్చారో వాళ్లే దాన్ని మోయాలి. కొళాయి పన్నులాగే ఇదీ ఎప్పటినుంచో ఉన్నదే కాబట్టి దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. ఊరు దాటి వెళ్లేవాళ్లు మాత్రం తమకొచ్చిన సలహాలన్నీ సామానులో సర్దుకుని, మునిసిపాలిటీ తూనికల విభాగంలో చూపించి ముద్ర వేయించుకోవాలి.

జూనియర్ కాలేజీ లైబ్రేరియన్ రత్నమాణిక్యం, యాభయ్యో ఏడు దగ్గర పడుతుండగా, సముద్రం పక్క రోడ్డు పట్టుకుని బారువ దాకా సైకిలు మీద వెళ్లాలనుకుంది. దారిలో గుడారం వేసుకుని పడుకుంటుంది. సైకిలు మీద అంత దూరం వెళ్లడం ఆవిడకిదే మొదలు. సామాను తక్కువే. గుడారం, చాప, రెండు జతల బట్టలు, రెయిన్‌కోటు, పంపు, పంక్చరు సామగ్రి, అటుకుల డబ్బా. క్యారియర్‌కి అటూ ఇటూ వేలాడే సంచుల్లో అవన్నీ పెట్టాక ఇంకా చోటు మిగిలింది. ఆ ఖాళీని చూస్తే ఆవిడకి ఎంత ముచ్చటేసిందంటే, సంచి మూత మళ్లీ మళ్లీ తీసి చూసుకుంది.

సంగతి తెలిసి ఆడపడుచు కాంతమ్మ వచ్చింది.

"చీకటి పడేసరికి ఎవరింట్లోనైనా దిగిపో మాణిక్యం," అంది. ఇత్తడి బిందె ఠంగుమని గచ్చు మీద పడింది.

"అలాగే వదినా," అని రత్నమాణిక్యం దాన్ని సంచి పక్కన కట్టింది.

పక్కింటావిడ సలహా ఇనప మూకుడైంది. కాలేజీలో ఫిజిక్సు మేష్టారు, గేర్ల సైకిలు కొనుక్కోవలసింది అన్నారు. గుప్పెడు పల్లేరుకాయలు రాలాయి. జరిగిపోయినవాటి మీద ఇచ్చే సలహాలు తేలిగ్గానే ఉంటాయి గానీ గుచ్చుకుంటాయి. జన్మలో సైకిలెక్కని వాళ్లవి అన్నిటికంటే బరువు. తూనికల విభాగం అనుభవంలో ఇది మామూలే.

భర్త సత్తిరాజు ఇరిగేషన్ ఆఫీసులో పటాలు గీస్తాడు. ఇన్నాళ్లూ అతను నోరు మెదపలేదు. ప్రయాణం ముందురోజు భోజనం దగ్గర ఇక ఆపుకోలేకపోయాడు.

"వెళ్లకు మాణిక్యం. నాకు భయంగా ఉంది."

రుబ్బురోలు పడింది. గచ్చు పెచ్చులేచింది.

"పెరుగు వేసుకోండి," అంది రత్నమాణిక్యం.

రోలుకి చోటు చెయ్యడానికి ఆవిడ ముందు గుడారం తీసేసింది. తర్వాత చాప తీసింది, పంపు తీసింది. తెల్లారేసరికి సంచుల్లో సలహాలే ఉన్నాయి, ఆవిడ వస్తువు ఒక్కటీ లేదు. మొగుడూ పెళ్లాం కలిసి సైకిలుని తూనికల విభాగానికి నెట్టుకెళ్లారు.

గుమాస్తా అన్నీ తూచాడు. "సవ్యంగా ఉందమ్మా. వెళ్లొచ్చు."

"ఎక్కి తొక్కితే సైకిలు కదలట్లేదు బాబూ."

"కదలాలని రూలేం లేదండి."

రత్నమాణిక్యం సీటు మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరగడం సత్తిరాజు చూశాడు.

"ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోవచ్చా?" అని అతనే అడిగాడు.

"తీసుకోవచ్చండి. లేదా ఎవరిచ్చింది వాళ్లే మోసుకోవచ్చు. రూల్లో ఉంది. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదంతే."

సత్తిరాజు ఆలోచించాడు. "నా భయం పోలేదు మాణిక్యం. వెనక్కి తీసుకున్నానంటే అబద్ధం," అని వంగి, ఆయాసపడుతూ రోలు ఎత్తుకున్నాడు. "నాది నేను మోస్తాలే. నువ్వెళ్లు."

"నడుం పట్టేస్తుందండీ."

"పడితే పట్టనీ. అక్క బిందె కూడా ఇలా ఇయ్యి."

"ఎవరిది వాళ్లే మొయ్యాలండి," అన్నాడు గుమాస్తా.

"ఉండనివ్వండి, నీళ్లకి పనికొస్తుంది. మూకుట్లో వండుకుంటాను," అంది రత్నమాణిక్యం. ఇంటికెళ్లి గుడారం, చాప, మిగతా సామానంతా మళ్లీ సర్దుకుంది. పల్లేరుకాయలు సంచిలో ఓ మూలన పడున్నాయి. వంతెన మీద ఆవిడ పెడలు మీద లేచి నిలబడి తొక్కుతుంటే బిందె గణగణమంది. గాలి వెనకనుంచి వీస్తోంది. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. సత్తిరాజుకి అదే బాగుందనిపించింది.

అతను రోలుతోనే ఆఫీసు బస్సెక్కాడు. కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టాడు. పక్క సీట్లో ఓ నర్సు ఒళ్లో సన్నికల్లు, రెండు పొత్రాలు పెట్టుకుని కూర్చుంది.

"మొదటిసారాండీ?" అంది. "అలా చేతుల మీద మొయ్యకూడదు. నడుంకి ఆనించుకోండి."

అతని ఒళ్లో చిన్న దూదిమెత్త పడింది. దానికి బరువే లేదు. సత్తిరాజు దాన్ని నడుం దగ్గర పెట్టుకుని రోలు ఆనించుకున్నాడు. కాస్త ఊపిరాడింది.

"అలవాటైపోద్దండి. మేం చిన్నప్పుడే నేర్చుకున్నాం," అందావిడ.

అతను తలెత్తి చూశాడు. ఆడవాళ్ల సీట్లన్నిట్లోనూ రోళ్లు, తిరగళ్లు, బానలు. వాటి మీదే చేతులానించుకుని అందరూ కబుర్లు చెప్పుకుంటున్నారు. ఇన్నేళ్లుగా ఈ బస్సులోనే వెళ్తున్నాడు.

"మీకు ఇవన్నీ ఎవరిచ్చారండీ?" అని అడిగాడు.

నర్సు అతనివైపు అనుమానంగా చూసింది. నిజంగానే అడుగుతున్నాడని తెలుసుకుని, మొదటి పొత్రం మీద చెయ్యి వేసి చెప్పడం మొదలుపెట్టింది. ఇరిగేషన్ ఆఫీసు స్టాపు వచ్చింది. బస్సు ఆగి, మళ్లీ కదిలింది. సత్తిరాజు దిగలేదు.