రేపు కొనేవాడి ఇల్లు

ఇల్లు కొనేది కాపురం ఉండడానికని ఇంకా నమ్మేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఇల్లు కొనేది అమ్మడానికి! ఆ అమ్మకం జరిగేదాకా ఎవరో ఒకరు దుమ్ము దులపాలి కాబట్టి అందులో మనం ఉంటాం, అంతే.

ఈ జ్ఞానోదయం నాకు మా ఆవిడ అన్నగారి వల్ల కలిగింది. బావగారు ఇళ్ల బ్రోకరు. తొమ్మిదేళ్ల కిందట మేం మొదటి ఇల్లు వెతుక్కుంటున్నప్పుడు ఒకే ఒక్క మాట చెప్పారు. "మీకు నచ్చిందా లేదా అన్నది పక్కన పెట్టండి బావగారూ. రేపు కొనేవాడికి నచ్చుతుందా? అదీ పాయింటు!"

మా ఆవిడకు నచ్చింది వేరే ఇల్లు. వంటగదికి ఇంత కిటికీ, వెనక నాలుగు మొక్కలు పెట్టుకునే జాగా. కానీ సందు చివర ఉంది. సందు చివరి ఇంటికి రీసేల్ వాల్యూ ఉంటుందా? అందుకే కిటికీ లేని వంటగదితో మెయిన్ రోడ్డు పక్కన ఇల్లు తీసుకున్నాం. మా ఆవిడ చెమటలు కక్కుకుంటూ వండుతుంది. వాల్యూ మాత్రం చల్లగా పెరుగుతోంది!

ఇక ఆ రోజు నుంచి రేపు కొనేవాడు మా ఇంట్లోనే మకాం పెట్టాడు. కంటికి కనబడడు గానీ ఇంటిపెద్ద ఆయనే.

ఆయనకు గోడలకు కన్నాలుంటే గిట్టదు. అందుకని ఒక్క మేకు కొట్టలేదు. మా పెళ్లి ఫొటో మంచం కింద పడుకుని ఉంది. నూనె పొగకు గోడలు జిడ్డోడతాయని వేపుళ్లు మానేశాం. ఉడికించినవి తింటే ఆరోగ్యమే కదా, ఎంత లాభమో చూశారా? కుళాయిలు అరిగిపోతాయని నేను వెనకే నిలబడి చూస్తుంటే చుట్టాలు కూడా రావడం మానేశారు. పీడా పోయింది!

మా అమ్మాయి తన గదికి నీలం రంగు వేయించమంది.

"రేపు కొనేవాళ్లకు తెలుపే నచ్చుతుందమ్మా" అన్నాను.

"ఈ గది నాదా, వాళ్లదా?" అంది.

పిల్లదానికి మార్కెట్ గురించి ఏం తెలుస్తుంది చెప్పండి? గట్టిగా కసిరాను.

మా ఆవిడ బాల్కనీలో ఒకే ఒక్క పూలకుండీ పెట్టుకుంటానంది. నీళ్ల మరకలు పడతాయన్నాను. తుడుచుకుంటానంది. తుడిస్తే పోయే మరకలు కావన్నాను. తర్వాత ఆవిడ ఇంకేమీ అడగలేదు. అర్థం చేసుకుందని సంతోషించాను.

మొన్న ఆదివారం ఆ మహానుభావుడు రానే వచ్చాడు! బావగారే వెంటబెట్టుకొచ్చారు. గోడలు తడిమాడు, కుళాయిలు తిప్పాడు, వంటగదిలో నిలబడి గట్టిగా వాసన పీల్చాడు. ముఖం విప్పారింది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"కాపురమున్న ఇల్లులా లేదండీ! ఇన్నాళ్లూ తాళం వేసి ఉంచారా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ జవాబు చెప్పింది.

"అవునండీ. ఇందులో ఎవరూ కాపురం చేయలేదు."

ఆయన అక్కడికక్కడే మేం చెప్పిన ధరకు ఒప్పేసుకున్నాడు. బేరం కుదర్చడానికి చెల్లెలు భలే అబద్ధమాడిందని బావగారు ఇప్పటికీ మురిసిపోతున్నారు.

ఆవిడ అబద్ధమాడే మనిషి కాదని నాకు తెలుసు.