ఆళ్లగడ్డ – నంద్యాల, అయిదు నిమిషాలు

1981 సెప్టెంబరులో ఒక శనివారం ఉదయం, ఆళ్లగడ్డ హైస్కూల్లో భూగోళం చెప్పే సుందరరాజు గడ్డం గీసుకుని, కాఫీ తాగి, పరీక్ష పేపర్లు దిద్దుకుందామనుకున్నాడు. అంతలో పక్కింటి రామసుబ్బమ్మ వచ్చింది.

"సారూ, మా తమ్ముడు ఆపీసు పని మీద రేపు మద్రాసు నుంచి హైదరాబాదుకు ఇమానంలో పోతాండాడు. ఎంతసేపు గాల్లో ఉంటాడప్పా?"

అడిగినదానికి పూర్తిగా జవాబు చెప్పకుండా వదిలే అలవాటు సుందరరాజుకు లేదు. అట్లాసు తెరిచి, రెండు విమానాశ్రయాల మధ్య దారం పరిచి, దాన్ని స్కేలు మీద పెట్టి చూశాడు.

"సుమారు అయిదు వందల ఇరవై కిలోమీటర్లు. గంట పడుతుంది."

ఆమె ముఖంలో నమ్మకం కనబడలేదు. అర్థమయ్యేట్టు చెబుదామని, "అదే విమానం మన ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పోతే అయిదు నిమిషాలు" అన్నాడు.

ఆ "పోతే", రామసుబ్బమ్మ వీధి మలుపు తిరిగేలోపు "పోతాది" అయింది.

తొమ్మిదింటికి పాలు పోసే ఆమె, ఇమానం ఎక్కేదానికి చదువు ఉండల్లనా అని అడిగింది. పదింటికి లింగమ్మ వచ్చింది. ఊరి బయట ఆమెకు ఎనిమిదెకరాల వేరుశనగ చేను ఉంది.

"ఇమానం మా చేన్లోనే దిగుతాదంట గదా సారూ. కాయ ఇంకా ముదర్లేదు. ఇప్పుడే పీకల్లా, ఆగల్లా?"

"విమానమే లేదు లింగమ్మా. ఉంటే, అన్నాను."

"ఉంటే యాడ దిగుతాది?"

సుందరరాజు ఆలోచించాడు. తప్పు అక్కడ జరిగింది. "చదునైన జాగా ఉండల్ల. కిలోమీటరు పొడవు" అన్నాడు. లింగమ్మ చేను పలకలాగా చదునుగా ఉంటుంది. ఆమె అరుగు మీద కూలబడి ఏడుపు మొదలుపెట్టింది.

లోపలి నుంచి భార్య లూదియా అంది: "ఇంక ఊరకుండు. నువ్వు లెక్క చెప్పేకొద్దీ ఇమానం దగ్గరికొస్తాంది."

ఆయన ఊరకుండలేదు. లింగమ్మ చేనిలో విమానాశ్రయం కట్టవద్దని అర్జీ రాశాడు. అలాంటిదేమీ లేదని పైనుంచి కాగితం వస్తే జనం నమ్ముతారని ఆశ. అరవై మంది సంతకాలు చేశారు. సోమవారం నంద్యాల వెళ్లి ఒక ఆఫీసులో ఇచ్చి వచ్చాడు.

జవాబుకు నెల పట్టింది. ఆ నెలలో ఊరి మనసు మారిపోయింది. పొయ్యి మీద ఎసరు పెట్టి, నంద్యాలలో కూరగాయలు కొని, అది మరిగేలోపు వచ్చేయవచ్చని రామసుబ్బమ్మ లెక్కవేసింది. సగం చేను ఇస్తాను గానీ కిటికీ పక్క సీటు తనకే కావాలని లింగమ్మ అంటూ వచ్చింది.

అప్పుడు కవరు వచ్చింది. సుందరరాజు అందరినీ పిలిపించి, గొంతు సవరించుకుని చదివాడు.

"తమరి అభ్యంతరమును మన్నించి, సదరు విమానాశ్రయ ప్రతిపాదనను రద్దు చేయడమైనది."

లింగమ్మ లేచింది.

"అయితే, వచ్చేదాన్ని ఆపింది నువ్వే."

"ఏడ్చింది నువ్వే గదమ్మా."

"నేను ఏడిస్తే? సదువుకున్నోడివి, నీకు తెలివుండొద్దా?"

ఆ వారమంతా ఊళ్లో ఆయన్ను పలకరించింది నంద్యాల బస్సు కండక్టరు ఒక్కడే. కిక్కిరిసిన బస్సులో అతడు ఎవరినో లేపి, "మా పొట్ట కొట్టకుండా కాపాడినావు సార్, ఈడ కూచో" అని ముందు సీటు చూపించాడు. ఆ వారంలో తనకు దక్కిన మొదటి మర్యాద కాబట్టి, సుందరరాజు చూసుకోకుండా కూర్చున్నాడు.

ఆ సీట్లో స్ప్రింగు ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది.